2011 జనాభా లెక్కలప్పుడు తెలంగాణే లేదు కదా, మరి మూడున్నర కోట్ల లెక్క ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే ఆ లెక్కలు రాసిన టీచర్లలో నేనూ ఒకణ్ణి, అప్పట్లో కూనవరం వైపు పనిచేసేవాణ్ణి, ఎన్యూమరేటర్ డ్యూటీ వేశారు.

సెన్సస్‌లో ఎవరూ రాష్ట్రాన్ని లెక్కపెట్టరండీ, ఊరిని లెక్కపెడతారు. ప్రతి ఊరికీ ఆరంకెల కోడ్ ఉంటది, ఊళ్లు కూడితే మండలం, మండలాలు కూడితే జిల్లా, అలా పైకి పోతది. రాష్ట్రం హద్దు తర్వాత ఎటు జరిగినా కింది లెక్క అట్లనే ఉంటది కాబట్టి మళ్లీ కూడుకుంటే చాలు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, జనాభా 8,45,80,777. జిల్లా కోడ్లలో 532 ఆదిలాబాద్ నుంచి 541 ఖమ్మం దాకా తెలంగాణ పది జిల్లాలు వరసగానే ఉంటాయి, ఆ పదీ కూడితే 3,51,93,978.

మరి చాలా చోట్ల 3,50,03,674 అని ఎందుకుంటది? అందులోనూ తప్పు లేదు. తేడా 1,90,304 మంది, వాళ్లు మా వైపు వాళ్లే. పోలవరం ముంపు అని కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని ఊళ్లు 2014 మేలో ఆర్డినెన్స్ తెచ్చి ఆంధ్రాలో ఉంచేశారు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒకదాంట్లో ఒక అంకె, ఇంకోదాంట్లో ఇంకో అంకె వేసి ఏది ఎప్పటి హద్దులకో ఒక్క ముక్క రాయరు, పాపం పిల్లలు ఏది బట్టీ పట్టాలి?

ఆ ఫిబ్రవరిలో ఒక కోయగూడెంలో ఫారం రాస్తున్నా. ఇంటి పెద్దావిడని ఎన్నేళ్లు అవ్వా అంటే నువ్వే ఏదోటి రాయి సారూ అంది. అట్ల రాయకూడదు కదా, మా వైపు వయసు తెలియనోళ్లని 86 వరద గురించి అడుగుతాం, భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులొచ్చిన ఏడాది అది, చూసినోళ్లెవరూ మర్చిపోరు. వరదప్పటికి నీకు పిల్లలున్నారా అంటే, పిల్లలేంది సారూ, పెద్దబిడ్డకి కొడుకు పుట్టిండు, ఆ పసోణ్ణి ఎత్తుకునే గుట్టెక్కినం అంది. ఆమెకి పెళ్లి ఎప్పుడయింది, బిడ్డకి ఎప్పుడు చేసింది, అవన్నీ అడిగి వెనక్కి లెక్కేసుకుని 65 వేశా. మాతృభాష దగ్గరికొస్తే పక్కనున్న మనవడు తెలుగని రాయండి సార్ ఏ గొడవా ఉండదు అన్నాడు, అవ్వ ఊరుకోలా, ఇంట్లో కోయ మాట్లాడి తెలుగెట్లా రాస్తారంది. ఆ కాలమ్ మనిషి మనిషికీ విడిగా రాసేది, వాళ్లు చెప్పిందే రాయాలి, అవ్వకి కోయ అనే రాశా.

ఆ ఫారం మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా ఖమ్మం. తర్వాత ఆ గూడెం తూర్పు గోదావరిలోకి పోయింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి. అక్కడోళ్లు ఇల్లు కదల్లేదు, ఎవరూ వచ్చి వాళ్లని అడగనూ లేదు. నాకు కడుపు మండేది అక్కడే.

ఇది కొత్తేం కాదు. 1951 లెక్కలప్పుడు మన జనం సగం మద్రాసు రాష్ట్రం పుస్తకాల్లో, సగం హైదరాబాద్ రాష్ట్రం పుస్తకాల్లో ఉన్నారు, హైదరాబాద్ రాష్ట్రంలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అప్పటికి బళ్లారి జిల్లాలోనే. ఆంధ్రప్రదేశ్ అనే పేరుతో జరిగిన మొదటి లెక్క 1961దే, 1951 ఏపీ జనాభా అని ఎక్కడ కనిపించినా అది తర్వాత కూడి చెప్పిందే.

సెన్సస్ కేంద్రం సబ్జెక్టు, 1948 చట్టం కింద జరుగుతది, ఇల్లిల్లూ తిరిగేది మాత్రం రాష్ట్రం ఉద్యోగులు, ఎక్కువమంది మా టీచర్లే. 2014 ఆగస్టు 19న తెలంగాణ ఒక్కరోజులో చేసిన సమగ్ర కుటుంబ సర్వేని కొందరు సెన్సస్ అంటుంటారు, అది సెన్సస్ కాదు, రాష్ట్రం తన పథకాల కోసం చేసుకున్న సర్వే. 2021లో జరగాల్సింది కరోనాతో ఆగింది, అందుకే ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రానికి ఎంతమందికి రేషన్ అనేది ఇంకా 2011 అంకెల మీదే నడిచింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల తిండి ఎవరి లెక్కలో ఉన్నట్టు?

మీ ఊరి అంకె కావాలంటే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తీసి చూడండి. కాకపోతే ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు, ములుగైనా, నారాయణపేటైనా, మా కూనవరమైనా 2011లో ఏ జిల్లాలో ఉంటే ఆ పుస్తకమే తియ్యాలి, మాకైతే ఖమ్మం.