ఒక్క జీతం మీద నడిచే ఇల్లు: ఇరుగుపొరుగు కలిసి ఖర్చులు తగ్గించుకోవడం కుదురుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంట్లో ఒక్క జీతం, నెల మొదట్లో బడ్జెట్ రాసుకుంటున్నారు, రెండు మూడు నెలలు తిరిగేసరికి ఆ పుస్తకం మూలపడుతోంది, అపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లు డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెడుతుంటే మీరొక్కరే లెక్కలు చూసుకోవడం నామోషీగా ఉంది, ఈ విషయంలో ఒకరికొకరు తోడుగా ఉండేవాళ్లు నిజంగా ఉంటారా, ఉంటే ఎలా మొదలుపెట్టాలి, అడిగితే పిసినారి అనుకోరా అని.

ఉంటారండీ. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మేం నాలుగిళ్లవాళ్లం కొన్నేళ్లుగా ఇదే పని మీద ఉన్నాం. దానికో పేరు లేదు, రూల్స్ రాసిన కాగితం లేదు. ఒక్క విషయం మాత్రం మొదటి రోజే అనేసుకున్నాం: డబ్బు కలపం. సరుకులు కలిపి కొంటాం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటాం, లెక్కలు పోల్చుకుంటాం, డబ్బు మాత్రం ఎవరిది వాళ్లదే. ఎవరి జీతం ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు, నేనూ చెప్పలేదు. మీరు సిగ్గుపడుతున్నది బహుశా ఆ జీతం లెక్క బయటపడుతుందనే, దాని జోలికి వెళ్లకుండానే చాలా పని జరుగుతుంది.

మీ బడ్జెట్ ఎందుకు ఆగిపోతోందో ఊహించగలను. మనం రాసేది నెల లెక్క. అద్దె, పాలు, కిరాణా, కరెంటు, గ్యాస్, పిల్లల ఆటో. జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు, బూట్లు, ఆ తర్వాత బండి ఇన్సూరెన్స్, దసరాకి బట్టలు, సంక్రాంతికి ఊరు, మాఘం శ్రావణం వచ్చాయంటే వరసపెట్టి పెళ్లిళ్లు, చదివింపులు. ఇవేవీ ఆ కాగితం మీద ఉండవు. వాటిలో ఒకటి వచ్చిన నెల లెక్కంతా తారుమారవుతుంది, ఇంక రాసి ఏం లాభం అనిపించి పుస్తకం మూసేస్తాం.

మేం చేసింది ఏంటంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చుని ఎవరికి వాళ్లం ఏడాది ఖర్చుల జాబితా రాసుకుని, పైకి చదివాం. అంకెలు చదవక్కర్లేదు, పేర్లు చాలు. నల్గొండ వదిన జాబితాలో వాటర్ ఫిల్టర్ మార్పించే ఖర్చు ఉంది, నాకది తట్టనే లేదు. మూడో అంతస్తు ఆంటీ ఊళ్లో ఇంటి పన్ను రాశారు. నేను మా అత్తగారి కంటి పరీక్ష, కళ్లద్దాలు రాస్తే ఇంకొకావిడ "అయ్యో, మా నాన్నగారివీ రాయాలి" అని అప్పటికప్పుడు చేర్చుకుంది. ఒకరు మర్చిపోయింది ఇంకొకరి కాగితం మీద ఉంటుంది, ఒక్కరే కూర్చుంటే ఎంతసేపు రాసినా ఇది జరగదు. తర్వాత మొత్తం కూడి పన్నెండుతో భాగించడం. ఉదాహరణకి ఏడాదికి 84,000 తేలితే నెలకి 7,000. దాన్ని జీతం పడిన మర్నాడే వెళ్లిపోయేలా బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా ఇంత అని కట్టే డిపాజిట్) పెట్టుకోండి, మే నెలలో చేతికొచ్చేట్టు. వడ్డీ గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి, ఫీజుల టైంకి క్రెడిట్ కార్డు బయటికి తియ్యక్కర్లేకపోతే అదే పెద్ద లాభం. మొత్తం ఏడు వేలూ ఒకేసారి పక్కన పెట్టలేకపోతే ముందు స్కూలు ఫీజు వరకే మొదలుపెట్టినా పర్లేదు.

లెక్కలు పోల్చుకోవడం అన్నాను కదా, మేం రూపాయలు పోల్చుకోం. కేజీలు, లీటర్లు, యూనిట్లు పోల్చుకుంటాం. గ్యాస్ సిలిండర్ అందరిదీ 14.2 కేజీలే. నలుగురున్న రెండిళ్లలో ఒకరికి ఇంకొకరి కన్నా రెండు వారాలు ముందే అయిపోతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. కందిపప్పు అరగంట నానబెట్టడం, అన్నం పప్పు ఒకే కుక్కర్‌లో గిన్నెలు పెట్టి వండటం, బర్నర్ మంట పసుపు రంగులోకి వస్తే శుభ్రం చేయించడం, ఇలాంటివి అప్పుడే బయటికొస్తాయి. నూనె మనిషికి నెలకి అర లీటరు చాలంటారు డాక్టర్లు, ఆ లెక్కన చూసుకుంటే మా నాలుగిళ్లలో ఒక్కరం కూడా పాసవ్వలేదు. కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. తెలంగాణలో ఇళ్లకి నెలకి 200 యూనిట్లు దాటితే ఆ పైన వాడినవాటికే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 దగ్గర ఆగిన ఇంటికీ 201 వచ్చిన ఇంటికీ బిల్లులో రెండొందల దాకా తేడా పడుతుంది. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం ఉన్నవాళ్లకైతే 200 దాటిన నెల జీరో బిల్లే పోతుంది. అందుకని రీడింగ్ తీసే తేదీకి వారం ముందు ఎవరో ఒకరు అందరి మీటర్లూ చూసి చెప్తారు, అంతే. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర సరిపెడుతుంది, రోజంతా తిరిగే హాల్లో ముందు మార్చుకోండి, ఎప్పుడో వాడే గదిలో మార్చి లాభం లేదు.

ఇప్పుడు అసలు డబ్బు మిగిలేది ఎక్కడో చెప్తా. ఏడాది సరుకులు. కొత్త కందిపప్పు సంక్రాంతి తర్వాత దిగుతుంది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త మిర్చి, కొత్త చింతపండు. మన అమ్మలు అప్పుడే కొని జాడీలకెత్తేవాళ్లు. ఫ్లాట్లలో చోటు లేదని, ఒక్క ఇంటికోసం అంత దూరం ఎవరు పోతారని మనం మానేశాం, పావు కేజీ ప్యాకెట్లకి అలవాటు పడ్డాం. నాలుగిళ్లకి కలిపి కొంటే హోల్‌సేల్‌లో అమ్మే మలక్‌పేట గంజ్‌కి వెళ్లడం గిట్టుబాటవుతుంది, ఎండుమిర్చి బస్తా లెక్కన అడగొచ్చు. కారానికి తేజ, రంగుకి బ్యాడిగి కలుపుతాం (ఉత్త తేజ అయితే మా పిల్లలు అన్నం ముద్ద ముట్టరు). టెర్రస్ మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, మర పట్టించేదాకా అందరిదీ ఒకటే పని. చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంటే కబుర్లకి కబుర్లు, పనికి పని. రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా వేసి జాడీలో అదిమి పెడితే ఏడాదికి ఢోకా లేదు. కందిపప్పు ఎండలో పెట్టి చల్లారాక కాస్త ఆముదం పట్టిస్తే పురుగు పట్టదు, వండే ముందు శుభ్రంగా కడుక్కోవాలి మరి.

బియ్యం విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. 2022 జులై నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది, అంతకన్నా పెద్ద బస్తా మీద లేదు. షాపుల్లో 26 కేజీల బస్తా ఎక్కడినుంచి ఊడిపడిందా అని మీరెప్పుడైనా అనుకుంటే సంగతి అదీ. ఇద్దరే ఉండే చిన్న కాపురానికి 26 కేజీలు ఎక్కువ, పది కేజీల సంచి కొంటారు, పన్నుతో సహా. అలాంటి రెండిళ్లు కలిసి ఒక బస్తా పంచుకుంటే సరి.

అన్నీ ఇలా కొనకండి. పంచదార, జీడిపప్పు, బిస్కెట్లు, నూడుల్స్ ఇంట్లో ఎంతుంటే అంతా అయిపోతాయి. నూనె 15 కేజీల డబ్బా కేజీ లెక్కన చవకే, కానీ డబ్బా ఇంట్లో ఉందంటే వారానికోసారి పకోడీలు పడతాయి, అందుకే తెచ్చిన రోజే నాలుగు భాగాలు చేసేస్తాం. హోల్‌సేల్ అనగానే అంతా చవకని కూడా కాదు. సబ్బులు, టూత్‌పేస్టు లాంటివి సూపర్‌మార్కెట్ ఆఫర్లలో తక్కువకి వచ్చిన సందర్భాలు చాలా చూశాం. కూరగాయలకి కూకట్‌పల్లి రైతు బజార్. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లు ఇప్పటికీ బోర్డు మీద రేటు రాసి అమ్ముతాయి కాబట్టి బేరమాడే టెన్షన్ లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కావడంతో ఆటో ఖర్చూ పోయింది. ఒకరు వెళ్తే ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టమాటాలు మిగతావాళ్లకీ తెస్తారు. ఆకుకూరలు మాత్రం ఎవరివి వాళ్లే, వాడిపోయిన తోటకూర దగ్గర చెడిన స్నేహాలు నేను చూశాను.

స్నేహం చెడకుండా ఉండాలంటే డబ్బు ముందు, సరుకు తర్వాత. వెళ్లే ముందు రోజే అందరూ వెళ్లేవాళ్ల ఫోన్‌కి డబ్బు కొట్టేయాలి, బిల్లు ఫొటో గ్రూపులో పెట్టాలి, తూకం అందరి ముందు, బస్తాలో తరుగు వస్తే అందరికీ సమానంగా. "తర్వాత ఇస్తాలే వదినా" అన్న మాట ఒక్కసారి ఒప్పుకుంటే అది అలవాటవుతుంది. ఆ నెల కుదరదంటే కుదరదని చెప్పి తప్పుకోవచ్చు, కారణం ఎవరూ అడగరు.

వస్తువుల సంగతి తొందరగా చెప్పేస్తా. డ్రిల్లింగ్ మెషిన్, నిచ్చెన, పెద్ద ఇడ్లీ పాత్ర, ఇరవైమందికి వండే గిన్నెలు, సూట్‌కేసులు, ఇవి నాలుగిళ్లకి ఒక్కోటి చాలు. స్కూలు యూనిఫాంలు, చలికోట్లు పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలకి వస్తుంటాయి. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ అయితే, ఆ తరగతికి కొత్తవి రానంతవరకు, పనికొస్తాయి, ప్రైవేటు పబ్లిషర్లవి ఏటా మారుస్తుంటే చేసేదేం లేదు.

మీరు నామోషీ అన్నారు చూడండి, అది ఎక్కువగా పుట్టినరోజుల దగ్గర, పేరంటాల దగ్గర వస్తుంది. ఒక పిల్లాడి పుట్టినరోజుకి ఇరవై రిటర్న్ గిఫ్టులు ఇస్తే మనమూ ఇవ్వాలి, లేకపోతే పిల్లలు చిన్నబోతారు. ఒక్కరు మానేస్తే అందరి కళ్లూ వాళ్ల మీదే, నలుగురు ఒకే ఏడాది మానేస్తే అదే పద్ధతి అయిపోతుంది. మేం రిటర్న్ గిఫ్టులు ఆపేశాం, మాకన్నా డబ్బున్నవాళ్లు కూడా "హమ్మయ్య" అన్నారు. శ్రావణమాసంలో జాకెట్టు ముక్కలు కూడా అంతే. నేను వాయనంలో పెట్టిన ఆకుపచ్చ ముక్క మూడిళ్లు తిరిగి మళ్లీ నా చేతికే వచ్చింది, దాన్ని ఎవరూ కుట్టించుకోరని అందరికీ తెలుసు, అయినా కొంటూనే ఉన్నాం. ఇప్పుడు మా నాలుగిళ్ల మధ్య తాంబూలంలో పసుపు కుంకుమ, అరటిపళ్లు, నానబెట్టిన శనగలు, ఒక పువ్వు. అమ్మవారికి లోటేమీ చెయ్యలేదు.

ఇలా నలుగురు కలవగానే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ఓ చిన్న చీటీ వేసుకుందామా" అని. వద్దని నా గట్టి అభిప్రాయం. చీటీ తప్పని కాదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితే కంపెనీ కమిషన్ 7 శాతం దాటకూడదు, గొడవొస్తే వెళ్లడానికి రిజిస్ట్రార్ ఆఫీసు ఉంటుంది. ఇంట్లో నోటిమాట మీద నడిపే చీటీకి అవేవీ లేవు. మా దగ్గర బంధువులు అలాంటి చీటీలోనే పిల్ల పెళ్లికని దాచుకున్నది పోగొట్టుకున్నారు, చీటీ పాట పాడి డబ్బు తీసుకున్నవాళ్లు కట్టడం మానేశాక నడిపినావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ వీధిలో మనుషులు మాట్లాడుకోవడం మానేశారు.

డబ్బు కలిపితే అది పద్ధతిగా ఎలా ఉండాలో మా అమ్మ పొదుపు సంఘంలో చూశాను. మాది నెల్లూరు జిల్లా. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1993 ప్రాంతంలో మా జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాయడం మొదలుపెట్టారు, మా అమ్మా చేరింది. అక్కడ పుస్తకం ఉండేది, అందరూ కూర్చున్నప్పుడు ఎవరు కట్టారో ఎవరు బాకీయో పైకి చదివేవాళ్లు, డబ్బు ఎవరింట్లోనూ ఉండేది కాదు, బ్యాంకుకెళ్లేది. మీకు అంత ఓపిక, అలాంటి పదిమంది ఉంటే సంఘమే పెట్టుకోండి. లేకపోతే పప్పు, మిర్చి దగ్గర ఆగిపోవడం మేలు.

ఇంట్లో మీవారితో ఒక్క మాట. బడ్జెట్ మీరొక్కరే రాసి ఆయన ఫోన్‌తో స్కాన్ చేసుకుంటూ పోతే అది నిలబడదు. టీ ఇరవై, పార్కింగ్ ముప్పై, ఫ్రెండ్స్‌తో టిఫిన్ రెండొందలు, ఇవి ఎవరికీ గుర్తుండవు. మేం చిల్లర ఖర్చులకి వేరే బ్యాంకు అకౌంట్ పెట్టి ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ దానికే కలిపాం, ఆదివారం ఆదివారం ఇంత అని వేస్తాం, అయిపోతే వచ్చే ఆదివారమే. ఇందులో మావారికో వాటా, నాకో వాటా, దేనికి పెట్టావని ఒకరినొకరు అడగం. అడిగితే మొదటి వారమే గొడవ. నెలంతా ఏమీ కొనకుండా ఉండే పంతాలు కూడా పెట్టుకోకండి, నాకు తెలిసినవాళ్లలో ఆ పని చేసినవాళ్లంతా తర్వాతి నెల రెట్టింపు కొన్నారు.

ఎలా మొదలుపెట్టాలన్నారు. "మనం పొదుపు గ్రూపు పెట్టుకుందాం" అని అస్సలు అనకండి, అలా అంటే ఎవరూ రారు. లిఫ్ట్‌లో కలిసేవాళ్లలో ధరల గురించి వాళ్లంతట వాళ్లే మాట్లాడేవాళ్లు ఒకరుంటారు, ఆవిణ్ణి "అక్కా, కందిపప్పు మీకెక్కడ బాగుంటోంది, ఎంత పడుతోంది?" అని అడగండి. ఈ ప్రశ్న అడిగినందుకు ఎవరూ ఎవరినీ పిసినారి అనరు, పైగా పదినిమిషాలు మాట్లాడతారు. ఆవిడ చెప్పిన చోట ఈసారి అయిదు కేజీలు తెప్పించి సగం సగం చేసుకోండి, డబ్బు ముందే ఇచ్చేయండి. లెక్క సరిగ్గా తేలి, పప్పు బాగా ఉడికిందంటే, మూడో మనిషిని ఆవిడే తీసుకొస్తుంది.