ఇరవై ఏళ్ల బండికి స్టీల్ బ్రేక్ లైన్లు (పైపులు) వేయించాలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నాది 2005 యమహా ఎఫ్‌జేఆర్ 1300 మోటార్‌సైకిల్, ఏబీఎస్ లేదు. బ్రేక్ లివర్ మెత్తగా దిగుతోంది, క్లచ్ కూడా అంతే. రబ్బరు పైపులు తీసేసి స్టీల్ అల్లికవి వేయిస్తే బండి తొందరగా ఆగుతుందా?

జవాబు: తప్పకుండా వేయించండి. పాత రబ్బరు ఒత్తిడికి ఉబ్బుతుంది, మీరు లివర్ నొక్కిన దూరంలో కొంత అక్కడే పోతుంది. స్టీల్ అల్లిక లోపలి టెఫ్లాన్ గొట్టం అంతగా ఉబ్బదు కాబట్టి బ్రేక్ ఎంత పడుతోందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఆగే దూరం మాత్రం ఎక్కువగా టైర్లు, ప్యాడ్ల మీదే ఉంటుంది. క్లచ్‌లో తేడా తక్కువే, అయినా ఎలాగూ పని పెట్టుకున్నారు కదా, దాన్నీ మార్చేయండి.

బాంజో బోల్టుకి (లైను చివర బిగించే, ఆయిల్ పారే రంధ్రమున్న బోల్టు) కొత్త వాషర్లే వేయాలి, పాతవి దయచేసి మళ్లీ వాడొద్దు. ప్లాస్టిక్ తొడుగున్న లైన్లే కొనండి, లేకపోతే ఆ అల్లిక ఫెయిరింగ్‌ని (బండి పైనుండే ప్లాస్టిక్ కవచాన్ని) ఆకురాయిలా అరగదీస్తుంది. బిగించాక హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, ముందు చక్రం పైకి లేపి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు లైను లాగుతోందేమో చూడండి. బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం పోయండి, డాట్ 5 వద్దు, అది సిలికాన్. లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ బాంజో దగ్గర గాలి ఇరుక్కుంటుంది, అక్కడ కూడా బ్లీడ్ చేయించి (గాలి తీయించి), లివర్ గట్టిపడేదాకా బండి రోడ్డెక్కించొద్దు.