విశాఖ తీరంలో ఓడలు ఎందుకు నష్టపోయాయి?

విశాఖ తీరం ఓడలకు ఎందుకు ప్రమాదకరమైందన్న ప్రశ్నకు జవాబుగా రాళ్లకన్నా ముందు గాలిని చెప్పుకోవాలి. 1933లో హార్బరు తెరుచుకునేదాకా ఇక్కడ పెద్ద ఓడలకు చాటు లేదు. అవి తీరానికి ఎడంగా లంగరు వేసుకుంటే, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో ఒడ్డుకు చేరేవారు. మేకులు కొట్టకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన ఆ పడవలు అల దెబ్బకు కాస్త వంగి నిలిచేవి. అదే అలల్లో చిక్కిన ఓడకు మాత్రం అడుగు నేలకు తగిలితే కోలుకోవడం కష్టం. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాదళాధిపతి లినోయ్ ఇక్కడి ఆంగ్లేయ నౌకలపై దాడి చేసినప్పుడు బార్నబీ అనే వర్తక నౌక లంగరు తాడు తెంపుకొని ఒడ్డుకు కొట్టుకుపోయి ధ్వంసమైంది.

హార్బరు వచ్చాక కూడా, బయట లంగరు వేసిన ఓడలకు అక్టోబరు, నవంబరు వాయుగుండాల బెడద తప్పలేదు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు నౌక ‘ఎంవీ మా’ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి ఎక్కింది.

1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ వేరు. అది యుద్ధ నష్టం. కారణంపై ఇరుదేశాల వాదనలు నేటికీ కలవవు.

అన్నిటికన్నా విచిత్రమేమిటంటే, హార్బరు కట్టేటప్పుడు అలలను ఆపడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ వద్ద రెండు పాత ఓడలను కావాలనే ముంచారు.