ప్యూరిఫయర్ కొనే ముందు పడకగదిలో ఏం వెలిగిస్తున్నారో చూడండి

రోడ్డు పక్క ఫ్లాట్, ఐదేళ్ళ పాపకి రాత్రిళ్ళు పొడిదగ్గు, ఏ ఎయిర్ ప్యూరిఫయర్ మంచిదని మీరు అడిగారు. నా మాట వింటే ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. దగ్గు రాత్రిపూటే వస్తోందంటే ముందు పడకగదిని అనుమానించాలి. మా బాబుకి ఆయాసం మొదలైనప్పుడు మేం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు, ఇలాంటి ఫ్లాట్‌లోనే ఉన్నాం. డాక్టర్ గారు మందు రాయకముందే "రాత్రి దోమలకి ఏం వాడతారమ్మా?" అని అడిగారు.

కాయిల్ వాడేవాళ్ళం. ఆయన అలా అడిగాక, తెలిసినవాళ్ళ దగ్గర పీఎం 2.5 కొలిచే చిన్న మీటర్ ఉంటే తెచ్చుకున్నాను. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా దిగిపోయే అతి సన్నటి ధూళి. 24 గంటల సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. మా బాల్కనీలో, కింద బస్సులు పోతున్నా, మీటర్ 50, 60 మధ్య చూపించింది. కాయిల్ వెలిగించి తలుపు వేసిన గదిలో కాసేపటికే 300 దాటింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. పసిపిల్ల పడుకునే గదిలో అది రాత్రంతా కాలుతూ ఉంటుంది! కిటికీలకి మెష్, మంచానికి దోమతెర, అంతే చాలు. ప్లగ్గుకి పెట్టే లిక్విడ్‌తో పొగ రాదు గానీ దాంట్లో ఉండేదీ పురుగుమందే, అందుకే ఆయాసం ఉన్న పిల్లల దగ్గర నేను అదీ పెట్టను.

తర్వాతది కాస్త సున్నితమైన విషయం, అగరుబత్తి, సాంబ్రాణి. ఇంట్లో పెద్దవాళ్ళతో పూజ గురించి వాదన పెట్టుకోవద్దు. నేను మీటర్ తీసుకెళ్ళి దేవుడి గది ముందు పెట్టాను. అంకె ఎలా ఎక్కుతోందో మా అత్తగారు కళ్ళారా చూశారు. "లోపల దీపం చాలు, ధూపం తులసికోట దగ్గర వేస్తాలే" అని ఆవిడే అన్నారు. మనవడి ఆయాసం ముందు ఆవిడకి ఇంకేదీ ఎక్కువ కాదు.

వంటగదిలో పోపు ఘాటు అందరికీ తెలుస్తుంది. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం కంటికి కనిపించదు, ఆస్తమా ఉన్నవాళ్ళని అది బాగా ఇబ్బంది పెడుతుంది. మీ చిమ్నీకి బయటికి గొట్టం ఉందో లేదో ఒకసారి చూడండి. గొట్టం లేని రకం నూనె జిడ్డుని పట్టి, మిగతా గాలిని మళ్ళీ మీ మొహం మీదికే వదులుతుంది. మా ఫ్లాట్‌లో గొట్టానికి దారే వదల్లేదు. కిటికీ అద్దం ఒకటి తీయించి అందులోంచి బయటికి పెట్టించాం. చిమ్నీ అయినా ఎగ్జాస్ట్ ఫ్యాన్ అయినా పొయ్యి వెలిగించే ముందే వేసి, వంట అయ్యాక ఇంకో పది పదిహేను నిమిషాలు ఉంచండి. వేపుళ్ళు వెనక బర్నర్ మీద చేస్తే పొగ చిమ్నీకి బాగా అందుతుంది.

ఏసీ వేసుకుని అన్నీ మూసి పడుకుంటారా? స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరుస్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ దాదాపు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు, ఉంటుంది. ముగ్గురు పడుకున్న చిన్న గదిలో తెల్లారేసరికి అది 2000 దాటడం మామూలే. లేవగానే తల బరువుగా ఉంటే ఇదీ ఒక కారణం కావచ్చు. ప్యూరిఫయర్ ఈ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు. గది తలుపు కొంచెం ఓరగా తీసిపెట్టండి. చలికాలం పొద్దున్నే మాత్రం కిటికీలు బార్లా తీయకండి. రాత్రి చల్లబడిన గాలి నేలని అంటిపెట్టుకుని ఉండటంతో పొగ, దుమ్ము పైకి పోవు. ఎండ ఎక్కాక తీస్తే మంచిది. వీధి చివర చెత్త తగలబెట్టే వేళ మీకే తెలిసి ఉంటుంది, అప్పుడు మూసేయండి.

మొక్కల సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరో ఒకరు స్నేక్ ప్లాంట్ కొనమంటారు కాబట్టి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని చెప్పిన 1989 నాసా ప్రయోగం జరిగింది బిగించిన చిన్న పెట్టెల్లో. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే శుభ్రతకి మొక్కలు సాటి రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది కావాలని 2019లో వచ్చిన సమీక్ష తేల్చింది. అందం కోసం పెంచుకోండి, పాప దగ్గు కోసం వద్దు.

పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పరుపు మీదే పడుతుంది. తడిగుడ్డ పెట్టించండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో, అరవై డిగ్రీలకి దగ్గరగా, ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. గోడకి చెమ్మ, బూజు ఉంటే పైన పెయింట్ వేయకండి, ముందు లీకేజీ ఆపించండి.

మీరు అడగలేదు గానీ తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే ఈ వారమే బయటికి మార్పించండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసిన బాత్రూమ్‌లో నిమిషాల్లో స్పృహ తప్పుతుంది, ప్రాణాలు పోతాయి. ఏ ఫిల్టరూ దాన్ని ఆపదు.

ఇవన్నీ చేశాక కూడా రోడ్డు దుమ్ము ఎక్కువే అనిపిస్తే అప్పుడు ప్యూరిఫయర్ కొనండి. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, అయొనైజర్, ఓజోన్ అని రాసి ఉన్నవి వద్దు. పన్నెండు బై పది గది, పదడుగుల ఎత్తు అయితే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు గాలి శుభ్రం కావాలంటే సీఏడీఆర్, అంటే మిషన్ గంటకి శుభ్రం చేసి ఇచ్చే గాలి, 170 ఘనపు మీటర్లకి తగ్గకూడదు. మిషన్ ధరతో పాటు ఫిల్టర్ ధర కూడా అడగండి, అది మళ్ళీ మళ్ళీ కొనాల్సిందే.

కాయిల్ వాడుతుంటే మాత్రం ఇవాళ రాత్రి నుంచే మానేసి చూడండి. పాప ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నా, దగ్గుతో నిద్ర లేస్తున్నా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.