డబ్బాలో పురుగులు, గట్టు మీద తాటి టెంకలు

ఇంట్లో, పెరట్లో, తోటలో పర్యావరణానికి మేలు చేసే పనుల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడ మీద అద్దె ఇల్లు మాది. నలుగురం ఉంటాం. వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని పాత పెయింట్ డబ్బా పెట్టాను. పదిహేను రోజులకే భరించలేని కంపు, పైగా లావుపాటి పురుగులు. ఇంటివాళ్లు తీసెయ్యమంటున్నారు. తప్పెక్కడ జరిగింది?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

తీసెయ్యకండి. ఆ డబ్బాను ఈ పూటే బాగుచేసుకోవచ్చు. కూరగాయ తొక్కల్లో నూటికి ఎనభై పాళ్లు నీరే ఉంటుంది. ఆ నీరు దిగే దారి లేక చెత్త సందుల్లో నిండిపోతే లోపలికి గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అప్పుడు పని మొదలుపెడతాయి. కుళ్లిన గుడ్డు వాసన వాటిదే. ముక్కు పోటెత్తేలా అమ్మోనియా వాసన వస్తుంటే మాత్రం పచ్చి సరుకు ఎక్కువై ఎండు సరుకు చాలలేదని అర్థం. రెండిటికీ మందు ఒకటే: ఎండు ఆకులో, కొబ్బరి పొట్టో కలిపి అడుగు దాకా తిరగెయ్యడం.

ముందు డబ్బా సంగతి. ఇరవై లీటర్లవి రెండు కావాలి. మేకు కాల్చి అడుగున ఏడెనిమిది, పక్కల జానెడుకొకటి చొప్పున చుట్టూ చిల్లులు పెట్టండి. రెండు ఇటుకల మీద నిలబెట్టి కింద పళ్లెం ఉంచండి. అడుగున రెండంగుళాల మందాన కొబ్బరి పీచు, ఎండు పుల్లలు పరవండి. చాలామంది ఈ పొర వెయ్యరు, అందుకే అడుగు చిల్లులు వారానికే మూసుకుపోతాయి.

ఇక రోజూ చేసేది. తొక్కలను బొటనవేలంత ముక్కలు చేసి నీరు వంచెయ్యండి. ఏ గిన్నెతో చెత్త వేశారో అదే గిన్నెతో ఎండు ఆకుల నలుగు పైన వెయ్యండి. రంపంపొట్టు అయితే సగం గిన్నె చాలు. మొదటి రోజు మాత్రం పాత గెత్తం రెండు గుప్పెళ్లు గానీ, గ్లాసుడు పుల్లమజ్జిగ గానీ తోడు వెయ్యండి. మూడు రోజులకోసారి కర్రతో కింది నుంచి పైకి కలపాలి. తేమ సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొట్టు కలపండి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి. డబ్బాలో చీమలు చేరాయంటే కూడా అది ఎండిపోయిందనే.

మిగిలిన అన్నం ముద్దగా వేస్తే మధ్యలో పులిసిపోతుంది. విడదీసి, పొట్టులో దొర్లించి వెయ్యండి. టీ పొడిని ఓసారి కడిగి వెయ్యండి, చక్కెర ఉంటే చీమలు పడతాయి. ఆవకాయ అడుగు, ఉప్పు చేప, నూనె తేలే పులుసు వద్దు. చేప తలలు, రొయ్య పొట్టు మేడ మీద డబ్బాలో కుదరవు. నేల ఉన్నవాళ్లు మూరెడు లోతున పాతేసి పైన మట్టి తొక్కితే కుక్కలు తవ్వవు, చెట్టుకు బలం.

పురుగుల గురించి భయపడకండి. గోధుమ రంగులో, లావుగా, గట్టి చర్మంతో, గింజలా చదునుగా ఉన్నాయా? అయితే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. చెత్తను మనకంటే వేగంగా అరగదీస్తాయి. పెద్ద ఈగ మన అన్నం మీద వాలే రకం కాదు. సన్నగా, తెల్లగా, మెత్తగా ఉంటే అవి మామూలు ఈగ పిల్లలు. చెత్త బయటికి కనపడకుండా రెండంగుళాల పొట్టు కప్పితే వారంలో తగ్గిపోతాయి.

డబ్బా నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలెట్టండి. నిండిన డబ్బాకు నలభై అయిదు రోజులు, వానాకాలంలో రెండు నెలలు పడుతుంది. నల్లబడి, తొలకరి మట్టి వాసన వస్తే అయినట్టే. అనుమానముంటే కాస్త ఎరువు మట్టిలో కలిపి పది మెంతులు చల్లి చూడండి. ఎనిమిది మొలిస్తే వాడుకోవచ్చు. నాలుగే మొలిస్తే ఇంకో పదిహేను రోజులు ఆగాలి. కుండీకి ఒక పాలు ఎరువు, మూడు పాళ్లు మట్టి. ఎరువే నిండా పోస్తే వేళ్లు మాడిపోతాయి.

ప్రశ్న: మా ఊళ్లో పొయ్యి రాజెయ్యడానికి పాల కవర్లు, చిప్స్ పొట్లాలు వాడతారు. బూడిదతో గిన్నెలు తోముతారు. ప్రమాదమా?
– డిగ్రీ విద్యార్థిని, గజపతినగరం

ప్రమాదమే. ముందుగా పొయ్యి ముందు కూర్చున్న మనిషికి. పాల కవరు పాలిథీన్. పొయ్యి వేడికి పూర్తిగా కాలక మసి, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. పైపు ముక్కలు, కరెంటు తీగల తొడుగులు ఇంకా చెడ్డవి. వాటిలో క్లోరిన్ ఉంటుంది. కాలిస్తే ఘాటైన ఆమ్లపు పొగతోపాటు డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి, కొంత బూడిదలోనూ మిగులుతాయి. ఆ బూడిదతో గిన్నె తోమకూడదు, బీరపాదుకు చల్లకూడదు. కట్టెల బూడిద మంచిదే. ఆ మంచి బూడిదను ఒక్క ప్లాస్టిక్ కవరు పాడు చేస్తుంది.

రాజెయ్యడానికి కొబ్బరి పీచు, ఎండు తాటాకు చాలు. పలాస వైపు దొరుకుతుంది కదా అని జీడిపిక్క పెంకులు మాత్రం ఇంటి పొయ్యిలో వెయ్యకండి. వాటి నూనె చర్మం మీద పడితే పుండు పడుతుంది, పొగ కళ్లను, గొంతును మండిస్తుంది.

పాల కవరుకు కొనుగోలుదారులున్నారు. మూల కత్తిరించేటప్పుడు ముక్క తెగి పడకుండా చీలిక మాత్రమే పెట్టండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది కాలువకే పోతుంది. కవరును చెంబు నీళ్లలో జాడించి (ఆ నీళ్లు మొక్కకు పొయ్యండి), తలకిందులుగా తీగకు తగిలించి ఆరబెట్టండి. పాలు అంటిన కవర్లు రెండు రోజులకే కంపు కొట్టి మిగతా పొడి చెత్తనూ పాడు చేస్తాయి. అరలీటరు కవరు సుమారు మూడు గ్రాములు తూగుతుంది. రోజుకు లీటరు పాలు కొనే ఇంట్లో నెలకు నూట ఎనభై గ్రాములు. పాత సామాన్ల వాడికి ఒక్క ఇంటి మూట చిన్నది, పది ఇళ్లవి కలిపితే తీసుకెళ్తాడు. లోపల వెండిలా మెరిసే చిప్స్ పొట్లాలు వేరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి వాటిని ఎవరూ కొనరు. వాటిని కొనడం తగ్గించుకోవడమే దారి.

సంచి విషయంలో మన రెండు జిల్లాలకు సాకు లేదు. గోగు పండే నేల ఇది, ఆమదాలవలస పరిశోధన కేంద్రం గోగు రకాల మీద పనిచేస్తోంది. గోగునార సంచి తడిస్తే అదే రోజు ఎండలో వెయ్యండి. మడిచి మూలన పడేస్తే బూజు పట్టి నార చిట్లుతుంది. 120 మైక్రాన్లకంటే పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. దుకాణదారు ఇచ్చినా వద్దనండి.

ప్రశ్న: కొబ్బరి డొక్కలు, మట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఏటా తగలబెడుతున్నాం. వేరే దారుందా? తిత్లీ తుపానుకు పడిన మొద్దులు కొన్ని ఇంకా తోటలోనే ఉన్నాయి.
– కొబ్బరి రైతు, కవిటి మండలం

మొదట ఆ మొద్దుల సంగతి చూడండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కూల్చిన చెట్లు కుళ్లేకొద్దీ కొమ్ము పురుగుకు పుట్టిల్లయ్యాయి. కుళ్లిన మొద్దులోనూ, గెత్తం గుట్టలోనూ అది గుడ్లు పెడుతుంది. రెక్కలొచ్చాక బతికున్న చెట్ల మొవ్వు తొలుస్తుంది. విచ్చుకున్న ఆకు కత్తిరించినట్టు విసనకర్ర ఆకారంలో ఉంటే పురుగు పడిందనే గుర్తు. మొద్దులు చీల్చి, పురుగులు ఏరేసి, తోట నుంచి తరలించండి. గెత్తం గుట్టలో మెటారైజియం శిలీంధ్రపు పొడి కలిపితే పిల్ల పురుగులు అక్కడే చస్తాయి.

డొక్కలను తగలబెట్టడమంటే మీ ఇసక నేలకు దొరికిన నీటి తొట్టిని కాల్చుకోవడమే. డొక్కలోని పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. వానలు మొదలయ్యే వేళకు చెట్టు మొదలుకు అయిదారు అడుగుల దూరంలో అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గాడి తియ్యండి. డొక్కలను గుంట వైపు పైకి ఉండేలా వరుసలుగా పేర్చి, వరుసకీ వరుసకీ మధ్య మట్టి వేసి కప్పండి. బోర్లా పేరిస్తే వాన నీరు జారి పక్కకు పోతుంది. మేం చూసిన తోటల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. గాడి చెట్టు చుట్టూ ఒకేసారి తవ్వకండి, వేళ్లన్నీ తెగుతాయి. ఈ ఏడు సగం వలయం, వచ్చే ఏడు మిగతా సగం. ఒకసారి పూడిస్తే అయిదారేళ్లు పనిచేస్తుంది.

మట్టలను మూరెడు ముక్కలు చేసి పాదులో నాలుగంగుళాల మందాన పరవండి. మొదలుకు ఆనకుండా జానెడు ఖాళీ వదలాలి.

ప్రశ్న: మా కుర్రాళ్లం చెరువు గట్టు మీద తాటి మొక్కలు నాటాలనుకున్నాం. నర్సరీలో కవర్లలో పెంచినవి తెచ్చి నాటితే పదింటికి ఒకటీ బతకలేదు. ఎందుకు?
– యువజన సంఘం, రాజాం దగ్గర

తాటి స్వభావం తెలిస్తే ఇందులో మీ తప్పేమీ లేదని అర్థమవుతుంది. టెంక మొలకెత్తాక మొలక పైకి రాదు. కాడలా సాగి ముందు నేలలోకి అడుగు, రెండడుగుల లోతుకు దిగుతుంది. మొక్కకు ప్రాణం ఆ కాడ కొసన ఉంటుంది. మనం తవ్వి తినే తేగ అదే. అక్కడ నిలదొక్కుకున్నాకే ఆకు పైకి పంపుతుంది. జానెడు కవరులో అది దిగడానికి చోటు లేక మెలితిరుగుతుంది. కవరు చింపి నాటేటప్పుడు కొస విరిగితే మొక్క పోయినట్టే. అందుకే తాటిని నాటాల్సింది టెంకగానే, ఉండాల్సిన చోటే.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రాలిన పండ్ల టెంకలు పోగెయ్యండి. గుజ్జు తీసి, నాలుగైదు రోజులు నీడన ఆరనిచ్చి, అదే నెలలో నాటండి. మూలనపడి పూర్తిగా ఎండిన టెంక మొలవడం తక్కువ. గట్టు బయటి వాలున ఎనిమిది, పది అడుగుల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి ఒక్కో చోట రెండేసి వెయ్యండి. కింద రాయి తగిలే చోటు వద్దు, గునపం దించి ముందే చూసుకోండి. నీళ్లు పొయ్యనక్కర్లేదు, ఈశాన్య రుతుపవనం వానలు చాలు.

మొదటి ఏడు పైకి పెద్దగా ఏమీ కనపడదు. చచ్చిపోయాయనుకుని తవ్వి చూడకండి. అసలు ముప్పు సంక్రాంతి ముందు వస్తుంది. తేగల కోసం తవ్వేవాళ్లకు గట్టు మీది టెంకలూ ఒకటే. అందుకని నాటిన ప్రతి చోటా రంగు వేసిన కర్ర గుచ్చండి, ఊళ్లో చాటింపు వేయించండి. తినడానికి విడిగా వదులు మన్నుతో ఒక పాతర పెట్టుకోండి, పిల్లల మనసూ నిలుస్తుంది. ఆడో మగో పూత వచ్చేదాకా తెలీదు. దానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. అందుకే వంద నాటాలి. తుపాను గాలికి ఇంతలా తట్టుకునే చెట్టు ఈ తీరాన మరొకటి చెప్పడం కష్టం. గిజిగాళ్లు గూడు కట్టుకునే చెట్టు కూడా అదే.

ప్రశ్న: కరెంటు తక్కువ తినే ఫ్యాన్ కొన్నాం. నాలుగు నెలలకే లోపలి బోర్డు పోయింది. వీటిని నమ్మొచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, బొబ్బిలి

నమ్మొచ్చు. పాత రెగ్యులేటర్ తీయించకుండా బిగించి ఉంటారు. కరెంటు తక్కువ తినే ఈ బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ వేగాన్ని లోపలి బోర్డే మారుస్తుంది. గోడ రెగ్యులేటర్ మధ్యలో ఉంటే కరెంటు ముక్కలు ముక్కలుగా వచ్చి బోర్డు దెబ్బతింటుంది. రెగ్యులేటర్ తీయించి నేరుగా స్విచ్‌కు కలపండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 వాట్లు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల లెక్కన నెలకు పద్నాలుగు కిలోల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది.

ప్రశ్న: మా టీ కొట్టు తీరానికి దగ్గర. రాత్రి తాబేలు పిల్లలు సముద్రం వైపు పోకుండా కొట్టు లైట్ల వైపు వచ్చేశాయి. బకెట్లో వేసి సముద్రంలో పోశాం. చేసింది సరైనదేనా?
– టీ కొట్టు యజమాని, భావనపాడు

మీ మనసు మంచిది, పద్ధతి కొంచెం మారాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఇసకలో నూటికి అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో ఎక్కువ వెలుగున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి. మీ తెల్ల లైటు వాటిని మోసం చేసింది. మే నెలాఖరు దాకా బల్బు తీరానికి కనపడకుండా రేకు తొడుగు కట్టండి. వెలుగు కొట్టు నేల మీదే పడాలి. తెల్ల బల్బు బదులు తక్కువ వాట్ల పసుపు బల్బు పెట్టండి. కొట్టు కట్టేశాక అన్నీ ఆర్పెయ్యండి. తీరాన వదిలేసిన వల ముక్కలు కనిపిస్తే ఏరెయ్యండి, పిల్లలు వాటిలో చిక్కుకుంటాయి.

గుడ్ల గుంత కనిపిస్తే కదపకుండా, చుట్టూ తొక్కకుండా అటవీ శాఖ వాళ్లకు కబురు చెయ్యండి. ఈ జాతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లు తియ్యడం నేరం. దారి తప్పిన పిల్లలు మళ్లీ దొరికితే లైట్లార్పి, తడి ఇసక వేసిన వెడల్పు పళ్లెంలో పెట్టండి, నీళ్లు వద్దు. అలకు పది, పదిహేను అడుగుల ఇవతల ఇసక మీద వదలండి. సముద్రంలోకి విసరకుండా, ఆ కొద్ది దూరం వాటినే నడవనివ్వండి.