జూన్ 25 బోర్డు: 1932 రాయాలా, 1983 రాయాలా?

మాస్టారూ, బడి బోర్డుకి రెండూ రాయండి, రెండూ లండన్ లార్డ్స్ మైదానంలోనే. 1932లో మన మొదటి క్రికెట్ టెస్టు ఆ రోజే మొదలైంది, కెప్టెన్ సి.కె. నాయుడు. మన బౌలర్ నిస్సార్ వాళ్ల ఇద్దరు ఓపెనర్లనీ బౌల్డ్ చేశాడు, వూలీ రనౌట్, ఇంగ్లండ్ 19 పరుగులకి 3 వికెట్లు. గెలిచామని మాత్రం రాయకండి, 28న 158 పరుగులతో ఓడాం.

1983 ప్రపంచకప్ ఫైనల్లో మన పరుగులు 183, వెస్టిండీస్‌వి 140. అది 60 ఓవర్ల మ్యాచ్, ఇప్పటిలా 50 కాదు. మనం 54.4 ఓవర్లకి ఆలౌటైతే, చూసినవాళ్లు తప్పనుకుని 50 అని దిద్దేస్తుంటారు, దిద్దనివ్వకండి.

మీ ముసాయిదాలో కపిల్ 175 తీసేయండి. అది జూన్ 18న, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో, జింబాబ్వే మీద. ఫైనల్లో ఆయన కొట్టింది 15. దాని బదులు మదన్‌లాల్ బంతికి కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టిన వెస్టిండీస్ బ్యాటర్ రిచర్డ్స్ క్యాచ్ రాయండి, పిల్లలు అక్కడే ఆగి చదువుతారు.