డాక్టర్ సలహా: నిద్రలో మెలకువ వస్తుంది, కాలు చేయి ఆడదు, రిపోర్టులన్నీ నార్మల్

ప్రశ్న: మేడం, నాకు 46 ఏండ్లు. మాది తాడిపత్రి. సొంత లారీ ఉండాది, నాపరాళ్ళు వేసుకుని బెంగళూరికి పోతాంటా, ఎక్కువ రాత్రిపూటే. ఏడాదిన్నర నుంచి నిద్ర సరిగా లేదు. తెల్లారుజామున మెలకువ వస్తాది, కళ్ళు తెరిచే ఉంటాయి కానీ కాలు చేయి ఆడదు, గుండెల మీద ఎవరో కూచున్నట్టు ఉంటాది, అరుద్దామంటే గొంతు పెగలదు. మా అమ్మ గాలి అంటాది, దర్గాలో తాయెత్తు కట్టించినాం. పొద్దున లేస్తే తల బరువు, నోరు పిడచగట్టుకుని పోతాది. రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటేలుకి లేస్తా, షుగర్ చూపిస్తే లేదన్నారు. సాయంత్రమైతే కాళ్ళలో పురుగులు పాకినట్టు ఉంటాది, లేసి నడిస్తే తగ్గుతాది. నడుము కూడా పట్టేస్తాది. ఈసీజీ, తలకి ఎంఆర్ఐ, అన్నీ తీయించినా, నార్మల్ అన్నారు, నలభై వేలు దాకా ఖర్చయింది. బీపీ 150/100 ఉంటే మాత్ర ఇచ్చినారు, అప్పుడప్పుడు వేసుకుంటా. నిద్రకి మెడికల్ షాపులో ఆల్ప్రజోలం ఇస్తారు, మొదట సగం వేసుకునేవాన్ని, ఇప్పుడు 0.5 ఎంజీవి రెండు. వారంలో రెండు రోజులు క్వార్టర్ తాగుతా. గురక మామూలే, మా ఇంట్లో నా గురకకి వేరే గదిలో పండుకుంటారు. లావు కూడా లేను, అయిదడుగుల అయిదంగుళాలు, 82 కిలోలు. పోయిన నెల పెనుకొండ దగ్గర ఒక్క కునుకు పట్టి బండి డివైడర్ దాకా పోయింది, దేవుని దయ. ఇది పక్షవాతం వచ్చే ముందు లక్షణమా? నరాల బలహీనతకి బీ కాంప్లెక్స్ సూదులు ఎన్ని వేయించుకోవాల?

జవాబు: మీ ఉత్తరం ఓపీ మధ్యలో చదివాను, చదివి పక్కన పెట్టి ఇంకో ఇద్దరు పేషెంట్లని చూసి మళ్ళీ తీశాను, ఎందుకంటే మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసేసిన పెనుకొండ సంగతి మనసులోంచి పోలేదు. సూదుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక మాట వినండి, పరీక్షలు అయ్యేదాకా రాత్రిపూట మీరు స్టీరింగ్ పట్టుకోకండి. ఇంకో డ్రైవర్ని పెట్టుకోండి, లేదా పగటి లోడ్లే తీసుకోండి, పగలైనా కళ్ళు మూతలు పడుతుంటే బండి పక్కకి ఆపేయండి. బతుకుదెరువు అదే, నెలకి కిస్తీ కట్టాలి, తెలుసు నాకు. కానీ గంటకి 80 కిలోమీటర్ల స్పీడులో పోయే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, మీరు నాలుగు సెకన్లు కునుకు తీస్తే సుమారు 90 మీటర్లు రాళ్ళ లోడుతో లారీ తనంతట తానే పోయినట్టు. ఈసారి అక్కడ డివైడర్ కాకుండా బైకు మీద పిల్లాడితో పోయే ఎవరో ఒకరు ఉండొచ్చు.

గుండెల మీద కూచున్నట్టు ఉండటం గురించి భయపడకండి. మీరు రాసినదాన్ని బట్టి అది స్లీప్ పెరాలసిస్ అనుకుంటున్నా. కలలొచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా మెదడే కట్టేసి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తితే మంచం మీంచి దూకేస్తాం కదా, ఒక్కోసారి మెదడు ముందు లేచేస్తుంది, ఒంటికి ఆ కట్టు ఇంకా విప్పకముందే, అప్పుడు కళ్ళు తెరిచి ఉంటాయి, కాలు చేయి ఆడదు, కల తాలూకు భయం ఇంకా పోదు కాబట్టి గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద ఎక్కినట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు, తర్వాత అదే వదిలిపోతుంది. నిద్ర చాలనివాళ్ళకి, రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఎక్కువ వస్తుంది. మీ అమ్మగారు గాలి అన్నారని ఆమెని ఏమీ అనకండి, మన సీమలో తరాల నుంచి దీన్ని అలాగే చెప్పుకుంటున్నారు, తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాని వల్ల నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, తాయెత్తు కట్టేశాం కదా అని ఏడాదిన్నర ఆగడంలో.

పక్షవాతం అలా రాదు. పూర్తిగా మెలకువ వచ్చాక కూడా మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా అప్పుడు 108కి చేయండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి, తెల్లారనీ చూద్దాం అనుకోకూడదు. మీ బీపీ కూడా అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటే తగ్గేది కాదు, 150/100 పెట్టుకుని మానేసి మానేసి వేసుకోవడం అంటే పక్షవాతాన్ని మీరే పిలిచినట్టు. రోజూ వేసుకోండి.

ఇంక అసలు సంగతి. గురక మామూలే అన్నారు. మీ ఇంటావిడ గది మార్చేంత గురక మామూలు ఎలా అవుతుంది? లావు లేను అన్నారు, మీరిచ్చిన కొలతలకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 30 వస్తోంది, మన దేశం వాళ్ళకి 25 దాటితేనే ఊబకాయం లెక్క. షర్టు కాలర్ సైజు 17 అంగుళాలు దాటిందేమో కూడా చూసుకోండి. గురక, పొద్దున తలబరువు, ఎండిన నోరు, షుగర్ లేకుండా రాత్రి అన్నిసార్లు ఒంటేలు, ఎక్కువున్న బీపీ, పగటి కునుకు, ఇవన్నీ విడివిడిగా ఒక్కో డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఒకచోట పెట్టి చూస్తే నాకు మొట్టమొదట అనుమానం వచ్చేది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులయ్యి నాలుక వెనక్కి పడి గాలిదారి మూసుకుపోతుంది, పది సెకన్లో ముప్ఫై సెకన్లో ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఒక పెద్ద గురకతో గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదలు. రాత్రంతా ఇదే పని. మీకేమో ఒక్కటీ గుర్తుండదు, ఎనిమిది గంటలు పడుకున్నా అని అనుకుంటారు. మూసిన గొంతుతో ఊపిరి లాగుతుంటే ఛాతీలో ఒత్తిడి మారి గుండె గదులు సాగుతాయి, ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, అందుకే ఒంటేలు. ఊపిరి ఆగిన ప్రతిసారీ అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, అందుకే రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గదు.

మీ నలభై వేల రిపోర్టులు నార్మల్ రావడంలో వింత లేదు. పగలు మెలకువగా ఉన్న మనిషికి తీసిన ఈసీజీలో, తలకి తీసిన ఎంఆర్ఐలో, రాత్రి గొంతులో జరిగేది ఎలా కనపడుతుంది? దీనికి స్లీప్ స్టడీ చేయాలి, ఒంటికి తీగలు పెట్టి రాత్రంతా ఊపిరి, ఆక్సిజన్, గుండె చూస్తారు, కొన్ని చోట్ల ఇంటికే మిషన్ ఇస్తున్నారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అని లెక్క వస్తుంది. 5 లోపు అయితే పర్వాలేదు, 15 దాటితే ఓ మోస్తరు, 30 దాటితే ఎక్కువ కింద లెక్క. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో పోండి, అనంతపురం పెద్దాసుపత్రిలో మొదట చూపించుకున్నా సరే, ఎక్కడికి పంపాలో వాళ్ళే చెప్తారు. వస్తే వైద్యం ఉంది, సీపాప్ అని ముక్కుకి మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే మిషన్, మొదటి వారం చిరాకుగా ఉంటుంది, అలవాటయ్యాక చాలామంది అది లేకుండా పడుకోము అంటారు. మిమ్మల్ని చూడకుండా మీకు ఆప్నియానే ఉందని నేను రాసివ్వలేను, కానీ ఈ లక్షణాలతో ఆ పరీక్ష చేయకుండా వదిలేయడం మాత్రం తప్పు.

ఇప్పుడు ఆ మాత్రలు. కోపంగానే రాస్తున్నా, ఏమీ అనుకోకండి. గొంతు కండరాలు వదులై ఊపిరి ఆగుతున్న మనిషి, ఆ కండరాల్ని ఇంకా వదులు చేసే మాత్ర వేసుకుంటున్నారు, పైగా ఊపిరి ఆగినప్పుడు లేపాల్సిన మెదడుని కూడా అదే మాత్ర మందం చేస్తుంది, వారంలో రెండు రోజులు దాని మీద మందు. ఆల్ప్రజోలం, మద్యం కలిస్తే నిద్రలోనే ఊపిరి తగ్గిపోయి లేవకపోవచ్చు, ఇది బెదిరించడానికి చెప్పేది కాదు. ఈరోజు నుంచి ఆ రెండూ ఒక రాత్రి కలవకూడదు. ఇంకోటి, ఆల్ప్రజోలం సగం బలం ఒంట్లోంచి పోవడానికే సుమారు 11 గంటలు పడుతుంది, రాత్రి పదింటికి రెండు వేసుకుని తెల్లారుజామున నాలుక్కి లారీ ఎక్కితే అది మీ తలలో ఇంకా ఉన్నట్టే. పెనుకొండ కునుకులో దాని వాటా ఎంతో.

షాపులో ఎలా ఇస్తున్నారు అసలు? అది షెడ్యూల్ హెచ్1 మందు, 2014 మార్చి నుంచి ఆ రూలు ఉంది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారు ఎవరికి అమ్మారు అని రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. తెలిసినవాడు కదా అని ఇస్తాడు, తెలిసినవాడే కదా అని మనం తీసుకుంటాం. సగం మాత్ర రెండు మాత్రలయ్యాయి, ఇంకో ఏడాదికి నాలుగవుతాయి, మందు అలవాటు పడటం అంటే ఇదే.

కానీ దయచేసి, ఇది చదివేసి ఈ రాత్రి నుంచే మానేయకండి. ఇన్నాళ్ళు రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకు, చెమటలు, అసలు నిద్ర లేకపోవడం, ఫిట్స్ కూడా రావచ్చు. మొండిగా మానేసి మూడో రోజు ఫిట్స్‌తో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని నేను డ్యూటీలో చూశాను, ఇంట్లోవాళ్ళకి ఆ మాత్రల సంగతే తెలియదు, మూర్ఛ రోగం అనుకుని ఏడుస్తున్నారు. మానసిక వైద్యుడి దగ్గరో ఫిజీషియన్ దగ్గరో కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. సైకియాట్రిస్ట్ అంటే పిచ్చి డాక్టర్ అనుకుని ఆగిపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్, గవర్నమెంటుదే, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

కాళ్ళలో పురుగులు పాకడం వేరే సంగతి. సాయంత్రం పూట రావడం, నడిస్తే తగ్గడం, రెస్ట్‌లెస్ లెగ్స్ అంటాం. దీనికి బీ కాంప్లెక్స్ సూదులతో పని లేదు, ముందు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ బాగున్నా ఇది తక్కువ ఉండొచ్చు, 75 లోపల ఉంటే ఐరన్ ఇచ్చి చూస్తాం. రిపోర్టు రాకముందే ఐరన్ మాత్రలు కొనేయకండి, మగవాళ్ళకి ఐరన్ తగ్గిందంటే మొలల వ్యాధో, కడుపులో పుండో, ఎక్కడ రక్తం పోతోందో కూడా చూడాల్సి ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్, బీ12 కూడా దాంతోపాటే చేయించండి, బీ12 నిజంగా తక్కువుంటే సూదులు అప్పుడు రాస్తారు, ఎన్నో వాళ్ళే చెప్తారు. అన్నం తిన్న వెంటనే టీ మానండి, తిన్న ఐరన్ ఒంటికి పట్టదు. జలుబుకీ దురదకీ అవిల్ లాంటి పాత రకం అలర్జీ మాత్రలు వేసుకుంటుంటే అవి కూడా ఈ కాళ్ళ బాధని పెంచుతాయి.

నడుము ఎప్పటి నుంచి పట్టేస్తోందో రాయలేదు. మన జిల్లాలో బోరు నీళ్ళు తాగే ఊళ్ళల్లో ఫ్లోరైడ్ సంగతి మర్చిపోకూడదు, అది ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీరు తాగే నీళ్ళు ఒకసారి టెస్టుకి ఇవ్వండి. దాని గురించి ఇప్పుడు ఇంతకంటే రాయను, లోడింగ్ పని కూడా కారణం కావచ్చు.

అప్పటిదాకా పక్కకి తిరిగి పడుకోండి. బనియన్‌కి వెనకవైపు జేబు కుట్టించి అందులో నిమ్మకాయంత బంతి పెట్టుకుంటే వెల్లకిలా తిరగలేరు, చాదస్తంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది, గుండెల మీద కూచునేది కూడా తగ్గొచ్చు. మీ ఇంటావిడని ఒక రాత్రి మీ గదిలోనే కూచుని, మీరు నిద్రపోయాక ఒక పావుగంట ఫోన్‌లో వీడియో తీయమనండి, గురక మధ్యలో నిశ్శబ్దం వచ్చి ఎంతసేపు ఆగిందో, తర్వాత ఎలా ఎగిరిపడ్డారో అందులో కనపడుతుంది, డాక్టర్‌కి మీ ఫైలు కంటే ముందు అది చూపించండి. చూపించుకోవడానికి పోయేటప్పుడు ఆమెని తోడు తీసుకెళ్ళండి, మీరు నిద్రలో ఏం చేస్తున్నారో చెప్పగలిగింది ఆమె ఒక్కతే, ఆ మాత్రల ఖాళీ స్ట్రిప్పు కూడా జేబులో పెట్టుకోండి.